బొమ్మ ఒకటి, చేతులు నాలుగు

నలుగురు కలిసి ఒక బొమ్మ గీస్తే అది ఎవరి బొమ్మ? కంప్యూటరు వచ్చాకే ఈ ప్రశ్న పుట్టిందని నేటి కుర్రకారు అనుకుంటే అనుకోనివ్వండి. కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగువాళ్లకు ఇది పాత ప్రశ్నే. దాని జవాబు మన ఇళ్లలో మేకుకు వేలాడిన దేవుళ్ల క్యాలెండర్ల మీద ఉంది.

1898లో మద్రాసులో పుట్టిన సి. కొండయ్యరాజు అక్కడే చిత్రకళ నేర్చారు. తిరువణ్ణామలైలో రమణాశ్రమంలో కొంతకాలం గడిపారు. నాటక కంపెనీలకు తెరలు రాశారు. 1940లలో కోవిల్‌పట్టిలో స్థిరపడి, 1976లో కాలం చేశారు. టి. ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం, టి. ఎస్. అరుణాచలం ఆయన శిష్యులలో పేరున్నవాళ్లు. వాళ్ల పటాలను నేటి విరుదునగర్ జిల్లాలోని శివకాశి ముద్రణాలయాలు ఊరూరికీ చేర్చాయి. కొన్ని పటాల అడుగున గురువు పేరూ శిష్యుడి పేరూ జంటగా కనిపిస్తాయి. ఏ గీత ఎవరిదో మాత్రం చూసేవాడికి తెలియదు. అమ్మవారు ఒక్కరే, చూపు ఒక్కటే.

ఇప్పుడు కొత్త పద్ధతికి వద్దాం. 2001లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కేసీ రీస్, బెన్ ఫ్రై 'ప్రాసెసింగ్' అనే ఉచిత సాధనం మొదలుపెట్టారు. 2013లో లారెన్ మెకార్తీ ఆ దారిలోనే 'పీ ఫైవ్ జేఎస్' మొదలుపెట్టారు. కుంచె బదులు ఆజ్ఞలు రాసి బొమ్మ గీయించడమే ఇందులో పని. దీన్నే క్రియేటివ్ కోడింగ్ అంటున్నారు. నలుగురు పిల్లలు కూడి ఒక పాత్రను పంచుకుంటారు. తల ఒకరిది, మొండెం ఒకరిది, చేతులు ఒకరివి, బట్టలు ఒకరివి. ఎవరి భాగానికి వారు ఒక ఫంక్షన్ రాస్తారు. చివర అన్నిటినీ వరసగా పిలిస్తే బొమ్మ నిలబడుతుంది. 1920లలో పారిస్ సర్రియలిస్టులు కాగితం మడిచి ఒకరి గీత ఒకరికి కనబడకుండా ఆడిన ఆట దీనికి పెద్దక్క లాంటిది.

ఆట బాగుంది. బొమ్మ బాగుందా? అదే విమర్శకుడు అడగవలసిన మాట. ఇలా పుట్టిన బొమ్మల్లో తల దేనికదే ముద్దుగా ఉంటుంది, చెయ్యి దేనికదే చక్కగా ఉంటుంది. రెండింటికీ చుట్టరికం మాత్రం కుదరదు. చెయ్యి రాసినవాడు కొలతలన్నీ తన లెక్కలో వేసుకున్నాడు, తల రాసినవాడు తన లెక్కలో. పైగా చెయ్యి కోసం ఒకడు తెరను కాస్త తిప్పితే, ఆ తరవాత గీసినవన్నీ ఒరిగిపోతాయి. దీనికి 'పుష్', 'పాప్' అని రెండు ఆజ్ఞలున్నాయి. మొదటిది అప్పటి స్థితిని దాచుతుంది, రెండోది తిరిగి తెస్తుంది. సాయంత్రం ఎవరి కౌంటరు లెక్క వారు కట్టి ఇచ్చినట్టన్నమాట. లెక్క కుదిరినంత మాత్రాన బొమ్మకు ప్రాణం రాదు.

ప్రాణం రావడానికి మన శిల్పులు ఉమ్మడి కొలత పెట్టుకున్నారు. దాని పేరు తాళం. ముఖం పొడవు ఒక తాళం. నవతాళ ప్రమాణంలో విగ్రహం ఎత్తు తొమ్మిది తాళాలు. కోడింగులోనూ ఇదే చెయ్యవచ్చు. అందరికీ కలిపి 'ముఖం' అనే ఒకే విలువ పెట్టి, భుజమూ నడుమూ పాదమూ దానికి ఇన్నో వంతని రాస్తే, ఆ ఒక్క అంకె మార్చగానే బొమ్మ మొత్తం కలిసి పెరుగుతుంది, కలిసి తగ్గుతుంది. విగ్రహానికి కన్నులు చివర తెరిచే ఆచారమూ ఇక్కడ పనికొస్తుంది. తెర మీద తరవాత గీసింది ముందుదాన్ని కప్పేస్తుంది కదా! కన్నులు ఆఖరున రావలసిందే.

అలాగని క్యాలెండరు పటాలకు లోపం లేదనను. లక్ష్మి, సరస్వతి, మీనాక్షి ముగ్గురికీ ఒకే ముఖం పెట్టిన పటాలు ఎన్నో. చేతిలోని వీణనో చిలకనో చూసి పోల్చుకోవాలి. కోడులోనైతే కొలత అలాగే ఉంచి కనుబొమ, పెదవి, గడ్డం ఎన్ని రకాలుగానైనా మార్చి చూడవచ్చు. క్యాలెండరుకు ఐక్యత ఉంది, వైవిధ్యం తక్కువ. కోడు బొమ్మకు వైవిధ్యం ఉంది, ఐక్యత తక్కువ. ఒకటి రెండోదాని దగ్గర నేర్చుకోవలసిందే.

మనవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. ఈ సాధనం ఆజ్ఞలు ఇంగ్లీషువే అయినా, మనం పెట్టే పేర్లు తెలుగు లిపిలో ఉండవచ్చు. 'ముఖం' అని రాసినా యంత్రం కాదనదు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తెలుగు అక్షరం చూడని మన పిల్లలకు, నాలుగు అక్షరాలు దిద్దడానికి ఇదొక సాకు.

చివరిగా సంతకం మాట. యంత్రం చదవకుండా దాటేసే వ్యాఖ్య వరసలు కోడులో ఉంటాయి. ఎవరి భాగం మీద వారి పేరు అక్కడ రాయాలి. కొలత నిర్ణయించినవాడి పేరు ముందు, తక్కినవాళ్లవి పక్కన. కోవిల్‌పట్టి గురువు శిష్యుడి పేరును తన పేరు పక్కన ఉండనిచ్చారు. ఆ మర్యాద కూడా బొమ్మలో భాగమే.