డ్రమ్మర్ కాదు, సంగీతకారుడట! మాక్స్ రోచ్ వాయిద్యం – ఒక మెచ్చుకోలు మీద అభ్యంతరం

మాక్స్ రోచ్ (1924–2007) గురించి రాసేవాళ్లు తరచుగా ఒక మాట అంటారు: ఆయన డ్రమ్ముతో పాట పాడించాడని. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఆయన ఒట్టి డ్రమ్మర్ కాదు, సంగీతకారుడు అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. కానీ ఈ మెచ్చుకోలు లోపల ఒక నిచ్చెన ఉంది. పై మెట్టు మీద స్వరం, కింది మెట్టు మీద దరువు. పైన బుద్ధి, కింద చేతులు. కింది మెట్టువాడు బాగా వాయిస్తే వాణ్ణి ఒక్కణ్ణి పైకి లాగి, 'నువ్వు మీవాళ్లలాంటోడివి కాదు' అంటారు. చదువుకున్న దళితులకి ఈ పొగడ్త కొత్తేం కాదు. అందుకే రోచ్ వాయిద్యాన్ని మెచ్చుకోవాలంటే ముందు ఆ నిచ్చెన సంగతి తేల్చాలి. ఆయన డ్రమ్మును పియానో స్థాయికి ఎత్తాడా? లేక డ్రమ్ము మొదట్నుంచీ చేస్తున్న ఆలోచనని వినక తప్పని స్థితిలోకి మనల్ని నెట్టాడా? నాది రెండో వాదన.

అమెరికాలో డ్రమ్ము మీద ఒక నిషేధం చరిత్ర ఉంది. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు, డ్రమ్ములు కొట్టుకుంటూ నడిచారు. మరుసటి ఏడు, 1740లో, అక్కడి చట్టం బానిసలకు డ్రమ్ముల్ని నిషేధించింది. ఒట్టి చప్పుడైతే దానికో చట్టం ఎందుకు? అది కబురు చెప్తుందని, జనాన్ని కూడగడుతుందని యజమానికి తెలుసు. అంటే డ్రమ్ముకి భాష ఉందని చట్టంలో ఒప్పుకున్నది బానిసల యజమానే! ఆ తర్వాత రెండు వందల ఏళ్లకి వచ్చిన విమర్శకుడు దాన్ని మళ్లీ 'వెనకాల వినపడే చప్పుడు' కింద జమకట్టాడు.

రోచ్ ఉత్తర కరోలినాలో పుట్టి న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పెరిగాడు. తల్లి గోస్పెల్ పాటలు పాడేది. చర్చిలోనే ఆయన సంగీతం మొదలైంది. 1940లలో హార్లెమ్ క్లబ్బుల్లో బీబాప్ పుడుతున్నప్పుడు డ్రమ్ము పనే మారిపోయింది. అంతకుముందు కాలితో తొక్కే బాస్ డ్రమ్ము గడియారంలా లెక్క మోసేది. కెన్నీ క్లార్క్ ఆ లెక్కని పైనున్న రైడ్ సింబల్ మీదికి, అంటే కర్రతో తేలిగ్గా తాకే పెద్ద కంచు పళ్లెం మీదికి మార్చాడు. దాంతో కింది డ్రమ్ములకి మోత తప్పింది, మాట దొరికింది. రోచ్ ఆ మాటని పెంచి పెద్దచేశాడు. 1945 నవంబర్ 26న చార్లీ పార్కర్‌తో రికార్డు చేసిన 'కోకో' వినండి. అప్పటికి రోచ్‌కి 21 ఏళ్లు. ఊపిరాడనంత వేగం. ఆ వేగంలో కూడా స్నేర్ డ్రమ్ము పార్కర్ సాక్సఫోన్‌కి అడ్డు ప్రశ్నలేస్తుంది, ఊ కొడుతుంది, ఒక్కోసారి ఊరుకుంటుంది. ఇది తాళం వేయడం కాదు, సంభాషణ.

1954 నుంచి 1956 దాకా క్లిఫర్డ్ బ్రౌన్‌తో కలిసి నడిపిన బృందంలో ఇది ఇంకా స్పష్టమైంది. రోచ్ ఒంటరిగా వాయిస్తున్నప్పుడు కూడా పాట కట్టుబడి పోదు. పల్లవి ఎక్కడ తిరిగొస్తుందో విన్నవాడికి తెలుస్తూనే ఉంటుంది. డ్రమ్ముల్ని బిగించి, ఎత్తు శ్రుతిలో పెట్టుకుంటాడు. అందువల్ల ఒక్కో డ్రమ్ము ఒక్కో గొంతుగా విడివిడిగా వినిపిస్తుంది.

ఇంతటివాడికి సంగీత విద్యాలయంలో ఏం జరిగింది? మాన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో తాళవాద్యం చదవడానికి చేరితే, నీ పద్ధతి తప్పని అక్కడి అధ్యాపకుడు తేల్చాడట. అప్పటికే ఆ పద్ధతితోనే రోచ్ పొట్ట పోసుకుంటున్నాడు, సంగీత చరిత్ర మారుస్తున్నాడు. చెయ్యి మార్చుకోకుండా స్వరరచన శాఖకి మారాడు. తర్వాతి కాలంలో ఆయనే ఈ సంగతి చెప్పుకున్నాడు. ఇందులో నవ్వుకోవడానికేం లేదు. ఎవరి చేతి పట్టు 'శాస్త్రీయం' అవుతుందో, ఎవరిది 'అలవాటు' అవుతుందో నిర్ణయించే అధికారం ఎవరి దగ్గరుందన్నదే ఇక్కడ ప్రశ్న.

దానికి జవాబు 1966లో వచ్చిన 'డ్రమ్స్ అన్‌లిమిటెడ్' రికార్డులో ఉంది. అందులో మూడు రచనలు కేవలం డ్రమ్ములతోనే. 'ద డ్రమ్ ఆల్సో వాల్ట్‌జెస్' అన్నది నాలుగు నిమిషాలు కూడా లేదు. కాళ్లు రెండూ ఒకే మాట చెప్తుంటాయి: బాస్ డ్రమ్ము మీద ఒకటి, తొక్కితే మూసుకునే జంట తాళాల మీద రెండు, మూడు. మొదట్నుంచీ చివరిదాకా అదే. దానిమీద చేతులు ఒక చిన్న వాక్యం పలుకుతాయి. ఆగుతాయి. ఆ ఖాళీలో కాళ్ల నడక మాత్రమే వినపడుతుంది. మళ్లీ అదే వాక్యం, కొంచెం మార్పుతో. తర్వాత వాక్యం పొడుగవుతుంది, విడిపోతుంది, మొదటి మాటకి తిరిగొస్తుంది. ఎక్కడా వేగం చూపించి చప్పట్లు అడుక్కోడు. రోచ్ గొప్పతనం కొట్టిన దెబ్బల్లో ఎంతుందో కొట్టకుండా వదిలిన దెబ్బల్లో అంతుంది. దీన్ని 'పాటలా ఉంది' అనక్కర్లేదు. ఇది దరువు. దరువే ఆలోచన. మూడో రచన 'ఫర్ బిగ్ సిడ్' తనకంటే ముందు తరం డ్రమ్మర్ సిడ్ కాట్లెట్‌కి అంకితం. జంట తాళాల మీద మాత్రమే వాయించే ఇంకో రచన జో జోన్స్‌కి నివాళి. 'నేనొక్కణ్ణే మినహాయింపు' అనడానికి రోచ్ ఒప్పుకోలేదనడానికి ఇవి సాక్ష్యాలు. పైకి లాగబోతే తనవాళ్లందరి పేర్లూ వెంట తెచ్చాడు.

ఇక 1960 నాటి 'వుయ్ ఇన్‌సిస్ట్! ఫ్రీడమ్ నౌ సూట్'. ఆ ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో నల్ల విద్యార్థులు తెల్లవాళ్ల భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. మార్చిలో దక్షిణాఫ్రికాలో షార్ప్‌విల్ కాల్పులు జరిగాయి. ఈ రెండూ రికార్డులో ఉన్నాయి: మొదటిది అట్ట బొమ్మగా, రెండోది 'టియర్స్ ఫర్ జోహాన్నెస్‌బర్గ్' అన్న చివరి భాగంగా. మొదటి భాగం 'డ్రైవా మాన్' బానిసల మీద మేస్త్రీ గురించి. అయిదు దెబ్బల తాళం. ప్రతి ఆవృతంలో మొదటి దెబ్బ కొరడాలా పడుతుంది. మిగతా నాలుగూ ఆ దెబ్బకోసం వొణుకుతూ ఎదురుచూడ్డమే. కొరడా గురించి పాట రాయొచ్చు. కానీ వినేవాడి వీపుకి దాన్ని తెలియజేసింది తాళం. ఇక్కడ రూపం వేరు, రాజకీయం వేరు అని ఎట్లా విడదీస్తారు?

విడదీశారు. 1961లో ఆబీ లింకన్ 'స్ట్రెయిట్ ఎహెడ్' రికార్డు తెస్తే, 'డౌన్ బీట్' పత్రిక సమీక్షకుడు ఆమె తన జాతిని వృత్తిగా చేసుకుందని రాశాడు. 1962లో అదే పత్రిక జాజ్‌లో జాతివివక్ష మీద చర్చ పెట్టింది. లింకన్, రోచ్ ఇద్దరూ అందులో కూర్చుని వాదించారు. బాధని బాధలాగే పలికితే 'ప్రచారం', పొగడ్తకి అనువుగా పలికితే 'కళ'. దళిత కవిత్వం మీద మనం విన్న తీర్పు కూడా ఇదే కదా!

అయితే రోచ్‌ని దేవుణ్ణి చేయాల్సిన పనిలేదు. ఆ సూట్‌లో 'ట్రిప్టిక్' అన్న భాగం లింకన్ గొంతు, రోచ్ డ్రమ్ము – ఈ రెండే. మాటలుండవు. ప్రార్థన, నిరసన, శాంతి. నిరసనలో ఆమె నిమిషానికి పైగా కేకలేస్తుంది. ఆ కేక ఆలోచన రోచ్‌దని లింకన్ తర్వాత చెప్పింది. డ్రమ్ము విడుదల కోసం చిరిగింది ఒక ఆడమనిషి గొంతు. ఆ కేక బలాన్ని ఒప్పుకుంటూనే, దాని లెక్క ఎవరి ఖాతాలో రాయాలన్న ప్రశ్నని మనం వదలకూడదు.

ఇదంతా మనకెందుకు? జాతి, కులం ఒకటే అని నేననడం లేదు. అక్కడ చర్మం రంగు నేరం, ఇక్కడ చర్మాన్ని ముట్టిన చెయ్యి నేరం. డప్పు చేసినవాడూ వాయించినవాడూ ఇద్దరూ ఆ నేరం కిందే బతికారు. చావుకి, జాతరకి, చాటింపుకి పిలిచిన ఊరు కళాకారుడన్న మాట మాత్రం దాచుకుంది. మా నాయన డప్పుని మంటకి కాచి, చిర్రతో ఒక్క దెబ్బ వేసి, చెవి ఒగ్గి విని, మళ్లీ కాచేవాడు. అది శ్రుతి చేయడమే. కానీ ఒక సెమినార్లో ఈ సంగతి చెప్తే, 'బాగుంది గానీ దీనికి శాస్త్రం ఎక్కడుంది?' అని అడిగారు. మంట దగ్గర ఒగ్గిన ఆ చెవిలో ఉంది! 1994లో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి 'దండోరా' పేరుతో జనంలోకి వచ్చినప్పుడు, దొర మాట చాటిన డప్పు తన మాట చాటుకుంది. రాజకీయం ఆ డప్పుని విన్నది. సంగీత విమర్శ మాత్రం ఇంకా సరిగ్గా వినలేదు.

రోచ్ 1972లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1988లో మాక్ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. తన పట్టు మార్చుకోకుండానే ఇవన్నీ వచ్చాయి. ఆయన దగ్గర మనం నేర్చుకోవాల్సింది డప్పుని కచేరీ వేదిక ఎక్కించడం ఒక్కటే కాదు. వేదిక ఎక్కిస్తే నిచ్చెన అట్లాగే ఉంటుంది. ఏ దరువు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, చావు దరువుకీ జాతర దరువుకీ మధ్య మారేదేంటి, ఆ మార్పుని ఎవరు ఆలోచించారు – ఇవి రాయాలి. వాయించేవాళ్ల పేర్లతో సహా రాయాలి. 'డప్పు కూడా సంగీతమే' అన్న జాలి మాట మనకొద్దు. ఆ 'కూడా' తీసేసే విమర్శ కావాలి.