ఎలైజా విథింగ్టన్: కొండదారిలో చీకటిగది

ఛాయాగ్రహణకళ పుట్టిన తొలి దశాబ్దములలో స్టూడియో గోడల నడుమ పనిచేసిన స్త్రీలు కొందఱుండిరి. కాని ఆ సామగ్రినంతయు బండికెత్తించుకొని పర్వతములకు పోయి, అచ్చట చేసిన పనిని తమ కలముతోనే వివరించి ప్రకటించినవారు మిక్కిలి అరుదు. 1825లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించిన ఎలైజా విథింగ్టన్ అట్టివారిలో ఒకతె. బంగారమునకై ముందే పడమటికి వెడలిన భర్తను అనుసరించి ఈమె 1852లో కాలిఫోర్నియా చేరి, 1857లో అమడోర్ ప్రాంతమునందలి అయోన్ అను చిన్నయూర స్టూడియో తెఱచెను. ఆ యూరికి గనిపనివారు మునుపు పెట్టుకొన్న పేరు 'నల్లి'. బసల సుఖమెట్టిదో దానినిబట్టియే ఊహింపవచ్చును.

ఇల్లువాకిలి విడిచివచ్చినవారికి తమ రూపును స్వస్థలమునకు పంపవలెనను కోరిక సహజము. అందుకొఱకు ఆమె తీసినవి ఆంబ్రోటైపులు: గాజుపలకపై పలుచగా తేలిన ప్రతికూలచిత్రమునకు వెనుక నల్లగుడ్డగాని నల్లరంగుగాని చేర్చినచో అదియే అనుకూలచిత్రమై కనబడును. పలక యొక్కటే, బొమ్మ యొక్కటే. పోయినచో మరల రాదు.

కొండలను, గనులను చిత్రించుటకు పూనుకొన్నప్పుడు అసలు చిక్కు మొదలయ్యెను. ఆ కాలపు తడిపలక పద్ధతి ఓర్పును, వేగమును ఒక్కమాఱే కోరునది. పలక నొక మూల పట్టుకొని, జిగటగానుండు కొలోడియన్‌ను నడుమ పోసి, నాలుగంచులకును పాఱునట్లు మెల్లగా వంచి, మిగిలినదానిని ఒక కొసనుండి సీసాలోనికి ఒంపవలెను. పొర గట్టిపడీ పడకముందే సిల్వర్ నైట్రేట్ ద్రావకమున ముంచవలెను. ఆ తడి ఆరకముందే కెమెరాలో నుంచి వెలుతురు చూపి, చీకటిలో బొమ్మను తేల్చి, నిలుపవలెను. ఆరినపలక పనికిరాదు. కావున దృశ్యమెచ్చటనో చీకటిగదియు అచ్చటనే ఉండవలసినదే.

విథింగ్టన్ దీని కేమి చేసెనో 1876లో 'ఫిలడెల్ఫియా ఫొటోగ్రాఫర్' పత్రికలో, స్త్రీ ప్రకృతిదృశ్యములను తీయు విధమును గూర్చిన వ్యాసమున తానే చెప్పినది. అయిదంగుళముల వెడల్పు, ఎనిమిదంగుళముల పొడవుగల పలకలు, జంటకటకములు, మూడుకాళ్ళ స్టాండు, మందుల సీసాలు ఆమె సరంజామా. జంటకటకము లెందుకనగా, రెండు కన్నులకు వేర్వేఱుగా తోచు రెండు బొమ్మలను పట్టినగాని స్టీరియో చిత్రమున లోయకు లోతు కనబడదు. ప్రయాణమునకు కోచిబండియైనను సరే, పండ్లబండియైనను సరే. బొమ్మను తేల్చుటకు గుడారము కావలసివచ్చినచో దళసరి నల్లపావడాయే గుడారము. బలమైన నల్లగొడుగు ఎక్కునప్పుడు చేతికఱ్ఱ, దిగునప్పుడు ఊత, ఎండ కటకముపై పడునప్పుడు దానికి నీడ.

ఈ పావడా ముచ్చటను చదివి వినోదముగా చిఱునవ్వు నవ్వి ఊరకుండువారు కలరు. అది న్యాయము కాదని నా తలంపు. దానివలన బరువు తగ్గినది, గుడారము మోయు మనిషి యక్కఱ తప్పినది. పురుషులకు లేని సౌకర్యమొకటి స్త్రీవేషమునందే ఆమెకు దొరకినది. ఆ వ్యాసమున వగపు లేదు, డంబమును లేదు. వృత్తి తెలిసినవారు తోడివృత్తివారికి చెప్పు ధోరణియే కలదు. అది వెలువడిన మఱుసటియేడే, 1877లో, ఆమె మరణించెను.

ఛాయాగ్రాహకుడు కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో యోసెమిటీ లోయకు పదునెనిమిదంగుళముల వెడల్పు, ఇరువదిరెండంగుళముల పొడవుగల మహాపలకలను కంచరగాడిదలపై మోయించిన సంగతి ఛాయాగ్రహణ చరిత్రములన్నియు చెప్పును. ఆ చిత్రముల గాంభీర్యమును కాదనువారు లేరు. అయితే ఆ పలకయొక్క కొలతతోనే విథింగ్టన్‌ను తూచుట తగదు: పండ్లబండిలో పట్టునంత సామాను ఎంతయో, ఒక మనిషి కొండపైకి చేర్చగల బరువెంతయో ముందు లెక్కించుకొని, ఆ లెక్కకు లోబడియే ఆమె తన పలకను ఎన్నుకొన్నదని తోచును.