కెర్నెల్‌కో మల్లినాథుడు

చివ్వెంల నుంచి సూర్యాపేటకొచ్చి హైదరాబాద్ బస్సెక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగితే, మెట్రో నేరుగా కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేటలో దించుతుంది. బీటెక్ అయ్యాక మన పిల్లలు చాలామంది పట్టే దారి ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటర్నల్స్ లాంటి పెద్ద కోర్సులో చేరబోయేవాళ్లు కూడా మొదట వెతికేది నోట్సు, ఆ తర్వాత ఇంటర్వ్యూ ప్రశ్నలు. ఈ చదువు ఆ రెంటికీ లొంగదు. మూలాన్ని ఎదురుగా పెట్టుకుని, వ్యాఖ్యానం తోడుగా లైను లైనూ చదవాల్సిందే.

మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసింది అలాంటి వ్యాఖ్యానమే. మూలంలో లేనిది రాయనన్నది ఆయన పెట్టుకున్న నియమం. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అలాంటి వ్యాఖ్యాత సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జాన్ లయన్స్. 1976-77లో ఆరో ఎడిషన్ యూనిక్స్ కెర్నెల్ కోడ్, సుమారు 9 వేల లైన్లు, ఒక పుస్తకంగా, దాని వ్యాఖ్యానం మరో పుస్తకంగా విద్యార్థుల చేతికిచ్చాడు. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ లైసెన్సు తరగతిలో కోడ్ చదవడాన్నే అడ్డుకుంది. అయినా లయన్స్ పుస్తకం జిరాక్సు మీద జిరాక్సై ఏళ్లపాటు చేతులు మారింది. బాహాటంగా అచ్చయింది 1996లో.

ఇప్పుడా దొంగచాటు అక్కర్లేదు. అదే ఆరో ఎడిషన్ పోలికలో 2006లో ఎంఐటీ వాళ్లు ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను పాఠాల కోసం రాశారు. కోడూ, దాని మీది పుస్తకమూ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ ఎమ్యులేటర్ మీద నడుస్తుంది. సీలో పాయింటర్లు, కాస్త అసెంబ్లీ వస్తే చాలు. కోట్ల లైన్ల లైనక్స్‌లోకి దూకేముందు మునగాల్సింది ఇక్కడే.

మొదటి ఫైలు నుంచి చివరిదాకా చదువుకుంటూ పోతే నిద్రొస్తుంది. ఒక్క ప్రశ్న పట్టుకోవాలి. ఒక ప్రాసెస్ ఆగి మరొకటి ఎలా నడుస్తుంది? రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ కోసం రాసిన ఎక్స్‌వీ6లో ఆ పని చేసేది స్విచ్ అనే చిన్న అసెంబ్లీ ముక్క. రిజిస్టర్లు ముప్పైకి పైగా ఉంటే అది 14 మాత్రమే దాస్తుంది. మిగతావి ఏమైనట్టు? అవసరమైనవాటిని పిలిచే ముందే సీ కంపైలర్ స్టాక్‌లో పెట్టేసి ఉంటుంది. అసలు చిత్రం స్టాక్ పాయింటర్ మారడంలో ఉంది: ఒకరి స్టాక్ మీద లోపలికెళ్లిన పిలుపు ఇంకొకరి స్టాక్ మీద బయటికొస్తుంది. ఆరో ఎడిషన్ రాసినవాళ్లయితే సరిగ్గా ఈ మార్పిడి దగ్గరే, ఇది మీకు అర్థం కానక్కర్లేదని కోడ్‌లోనే ఓ ముక్క రాసి వదిలేశారు!

అందుకే పెన్సిలూ కాగితమూ తీసి రెండు స్టాకులూ గీసుకోవాలి. జీడీబీ డీబగ్గర్‌తో అక్కడ ఆపి, గీసినదాన్ని సరిచూసుకోవాలి. ఆపైన ఒక రిజిస్టర్‌ను దాచే లైను తీసేసి, ఏం చెడుతుందో ముందే రాసిపెట్టుకుని నడపాలి. ఊహ తప్పినచోట మళ్లీ మూలం తెరవాలి. పేజీ టేబుళ్లకూ ఇదే పద్ధతి: 39 బిట్ల చిరునామాను 9, 9, 9, 12గా చేత్తో విడగొట్టాలి.

లాకుల దగ్గర మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది. రెండు కోర్లు ఒకే జాబితా మీద పడితే వచ్చే తప్పు ఏ ఒక్క లైన్లోనూ కనబడదు. ఒకే కోర్‌తో నడిపితే చాలావరకు దాక్కుంటుంది, మూడింటితో నడిపితే ఎప్పుడో ఒకసారి బయటపడుతుంది. అక్కడ ఒంటరిగా కొట్టుకోవడం కన్నా తెలిసినవాళ్ల పక్కన కూర్చోవడం మేలు. కోర్సు ఫీజు కట్టాల్సింది ఆ దశకొచ్చాకే.