పెరుగుకుండకు బిరుదులు

జొన్నగిరి మొదలు ఆదోని వరకు మా సీమలో జొన్నరొట్టెకును, సంగటికిని పెరుగో మజ్జిగో తోడుండవలెను. అట్టి పెరుగును ఇటీవలి వ్యాసములు కొన్ని ‘ప్రోబయాటిక్’ అను బిరుదుతో సర్వరోగ నివారిణిగా వర్ణించుచున్నవి. పెరుగు మంచి ఆహారమే. అందు సందేహము లేదు. కాని ఈ వర్ణన పరీక్షకు నిలుచునా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2001లో ఇచ్చిన నిర్వచనము ప్రకారము, తగినంత మోతాదులో సజీవముగా పుచ్చుకొన్నపుడు ఆరోగ్యమునకు మేలు చేయు సూక్ష్మజీవులే ప్రోబయాటిక్కులు. ఆ మేలు ఋజువు కావలెను. ఒక జాతిలో ఏ తెగకు ఋజువైనదో ఆ తెగకే అది చెల్లును. తోడు పెట్టిన ప్రతి కుండకును ఈ బిరుదు తగదు.

పెరుగు చిక్కదనమును చూచి మందు గుణమును ఊహించుట రెండవ పొరపాటు. ఎమ్మిగనూరు నేతగాండ్రకు పడుగునకు గంజి పెట్టుట తెలిసినదే. గంజిలోని పిండిపదార్థము గ్లూకోజు అణువుల గొలుసు. ఇట్టి గొలుసులే పాలిమర్లు. లాక్టిక్ బాక్టీరియాలు కొన్ని ఇటువంటి చక్కెర గొలుసులను స్రవించును. పెరుగు చిక్కబడుటకు, నీరు విడువకుండుటకు అవి తోడ్పడును. ల్యూకోనాస్టాక్ అను బాక్టీరియా పంచదారనుండి చేయు డెక్స్‌ట్రాన్, రక్తనాళములలో ద్రవము తగ్గిన రోగులకు ఎక్కించు ద్రావణముగా వైద్యమునకు ఉపకరించినది. అయితే అది శుద్ధిచేసి, కొలిచి ఇచ్చిన పదార్థము. కుండలోని జిగురు కాదు. అపరిశుభ్రత వలన చేరిన ఇతర బాక్టీరియాల చేతను పాలు తీగలు సాగవచ్చును.

ఋజువులు ఎట్లున్నవి? ఒడిశా గ్రామములలో 4,556 మంది నవజాత శిశువులపై జరిపిన పరీక్ష 2017లో ప్రకటింపబడినది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారంలోని ఒక తెగను దానికి ఆహారమగు చక్కెర గొలుసుతో కలిపి ఇచ్చిన శిశువులలో సెప్సిస్ అను తీవ్రమైన అంటుదోషము గాని మరణము గాని 5.4 శాతము, ఇయ్యనివారిలో 9 శాతము. అమెరికాలో విరేచనములు గల 971 మంది పిల్లలపై మరొక ప్రసిద్ధమైన తెగను పరీక్షింపగా, ఉత్తుత్తి మందుకంటె ఎక్కువ గుణము కానరాలేదని 2018లో తేలినది.

ఈ భేదము చెప్పని వ్యాసమును నమ్మి, విరేచనములతో వాడిపోయిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. నీరు మాని ఖరీదైన పొట్లము నిచ్చిన తల్లి గతి యేమి? బిడ్డను నిలుపునది పోయిన నీటిని, లవణములను తిరిగి నింపుటయే.

పెరుగు తృప్తిగా తినుడు. అది మందని వ్రాయు వారిని మాత్రము అడుగుడు: ఏ తెగ? ఎంత మోతాదు? ఏ రోగమునకు? ఎవరిపై ఋజువైనది?