తుపాకి ఎటు గురిపెట్టాలి?

ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ రాసిన "ది వార్ ఆఫ్ ది వరల్డ్స్" నవల 1898లో పుస్తకంగా వచ్చింది. అంగారక గ్రహం నుంచి వచ్చిన జీవులు ఇంగ్లండు మీద దాడి చేస్తాయి. ఈ కథ గురించి మాట్లాడితే మా క్లాసులో అందరూ మూడు కాళ్ల యంత్రాలూ, మండించే కిరణమూ అనే అంటారు. అవి బాగానే ఉన్నాయి. నాకు మాత్రం ఇది ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయేవాళ్ల కథ అనిపించింది. చేతికి కాస్త బలం దొరికితే మనిషి దాన్ని ఎలా వాడతాడు అన్నదే ఇందులో అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నని వెల్స్ మొదటి అధ్యాయంలోనే వేస్తాడు. అంగారకుల్ని తిట్టే ముందు, టాస్మేనియా ఆదివాసుల్ని యూరప్ వాళ్లు ఏం చేశారో గుర్తు చేసుకోమంటాడు. అప్పట్లో మన దేశాన్ని కూడా ఏలుతున్న ఇంగ్లండు వాళ్లకే ఈ మాట చెప్పడం ధైర్యమే. అయితే ఆ ఆదివాసులు పూర్తిగా అంతరించిపోయారని రాశాడు. వాళ్ల వారసులు ఈనాటికీ ఉన్నారు. జాలిపడుతూనే, ఉన్నవాళ్లని లేరని రాసెయ్యడం నాకు నచ్చలేదు.

నవలలో నన్ను బాగా పట్టుకున్నది లండన్ ఖాళీ అయ్యే భాగం. కథ చెప్పే ఆయన తమ్ముడు మెడిసిన్ చదువుతుంటాడు. ఇద్దరు ఆడవాళ్ల చిన్న గుర్రబ్బండిని దొంగలు లాక్కోబోతే ఆయన అడ్డుపడతాడు. ఆ తర్వాత ముగ్గురూ ఆ బండిలోనే వెళతారు. బార్నెట్ దగ్గర రోడ్డంతా జనమే. ఆ జనంలోకి బండిని బలవంతంగా తోలాక తమ్ముడు ఒకామె చేతికి రివాల్వర్ ఇస్తాడు. వెనక వాడు మరీ మీదికొస్తే వాడికి గురిపెట్టమంటాడు. వెంటనే మాట మార్చుకుని, మనిషికి కాదు, వాడి గుర్రానికి గురిపెట్టమంటాడు. ఇది చాలా చిన్న మాట. కానీ నవల మొత్తం అందులోనే ఉందని నా అభిప్రాయం. ప్రాణభయంలో కూడా మనిషి ఒక్క క్షణం ఆగగలడు.

అలాంటిదే ఇంకోటి ఉంది. కూలిన ఇంట్లో దాక్కున్నప్పుడు తోడున్న పాస్టరు గట్టిగా అరుస్తుంటాడు. బయట అంగారకులు. కథకుడు మాంసం కొట్టే కత్తి ఎత్తి, చివరి క్షణంలో పదును వైపు తిప్పేసి వెనక వైపుతో కొడతాడు. అయినా పాస్టరు బతకడు. పడిపోయిన అతన్ని అంగారకులు ఈడ్చుకుపోతారు. తర్వాత కథకుడు తనకి పశ్చాత్తాపం లేదంటాడు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించను. కత్తి తిప్పినందుకు సగం మార్కులు వెయ్యొచ్చు. చచ్చినవాడి వైపు నుంచి చూస్తే ఆ సగానికి విలువేముంది?

బలం అంటే ఆయుధం ఒక్కటే కాదని కూడా వెల్స్ చూపించాడు. చెమ్స్‌ఫోర్డ్‌లో ప్రజల తిండి చూసే కమిటీ ఒకటి వాళ్ల గుర్రాన్ని ఆహారం కింద లాగేసుకుంటుంది. బదులుగా, రేపు అందులో మీకూ వాటా ఇస్తామన్న మాట తప్ప ఏమీ ఇవ్వదు! ఇది చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.

నా ఫిర్యాదు ఒకటుంది. ఈ భాగమంతా బండి ఉన్నవాళ్ల కళ్లతోనే నడుస్తుంది. సముద్రం దాటడానికి ముగ్గురికీ కలిపి 36 పౌండ్లు ఇచ్చి స్టీమరు ఎక్కుతారు. అంత డబ్బు లేనివాళ్లు ఒడ్డునే ఏమయ్యారు? వెల్స్ వాళ్ల వెంట వెళ్లడు. మా బరంపురంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇక్కడి నుంచి గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి ఎంతోమంది రంగూన్ వెళ్లి పనులు చేసుకున్నారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. అందులో మా ముత్తాత ఒకరు. మామ్మ చెబుతుంది, ఆయన బాంబుల సంగతి ఎప్పుడూ ఎత్తేవారు కాదట. దారిలో ఎవరో తన మూటలోంచి తీసి ఇచ్చిన గుప్పెడు బియ్యం గురించే చెప్పేవారట. ఆ రోజు ఆ మూట ఉన్నవాడే బలవంతుడు. వెల్స్ నవలలో నేను వెతికింది అలాంటి మనిషి కోసమే.

చివరికి అంగారకుల్ని సూక్ష్మజీవులు చంపేస్తాయి. సైన్సు ప్రకారం తెలివైన ముగింపే. కానీ పారిపోయేటప్పుడు ఒకళ్లనొకళ్లు తొక్కుకున్న మనుషుల సంగతి సూక్ష్మజీవులు తేల్చలేవు కదా. అది మనమే తేల్చుకోవాలి. అందుకే ఈ నవల తప్పక చదవండి. యంత్రాల దగ్గర తొందరగా చదివినా ఫరవాలేదు, బార్నెట్ రోడ్డు దగ్గర మాత్రం కాసేపు ఆగండి.