గట్టు మీద పారేస్తున్న పొటాష్

ఓబులవారిపల్లె మండలం మంగంపేట అంటే ముగ్గురాయి. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి అక్కడుంది. నీళ్లకు నాలుగు రెట్లు బరువుండి, నీళ్లలో కరగని ఆ రాతిపొడి చమురుబావులు తవ్వడానికి దేశాలు దాటిపోతుంది. పక్కనే రైల్వేకోడూరు అరటి, బొప్పాయి తోటలకు కావలసిన పొటాష్ మాత్రం దేశాలు దాటి రావాలి. మనం చల్లే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్, ఇజ్రాయెల్ గనులదీ ఉప్పునీళ్లదీ. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, బెలారస్ మీద ఆంక్షలు కలిసి దాని ధరను ఎలా ఎగదోశాయో చూశాం. ఇన్ని ఖనిజాలున్న సీమలో పొటాష్ కూడా బయటపడితే బాగుండునని ఆశపడటం సహజమే. కానీ గెల కోశాక నరికి గట్టు మీదకు ఈడ్చేస్తున్న అరటి బోదెలో ఉన్నది ఆ పొటాషే.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1861లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్‌లో గని ఉప్పు నుంచి తయారీ మొదలయ్యేదాకా లోకానికి పొటాష్ ఇచ్చింది చెట్లే. కట్టెల బూడిదలో నీళ్లు పోసి, దిగిన తేటను బానల్లో ఇగరకాచి, ఆ ఉప్పును గాజుకూ సబ్బుకూ వాడారు. నత్రజని మొక్కలో మాంసకృత్తుగా మారుతుంది. పొటాష్ అలా దేనిలోనూ ఇమిడిపోదు, రసంలో కరిగే ఉంటుంది. అందుకే నరికిన బోదె మీద నాలుగు వానలు పడితే చాలావరకు బయటికొచ్చేస్తుంది. బోదె సాళ్ల మధ్య ఉంటే అది వేళ్లకు అందుతుంది, గట్టున ఉంటే వంకలో కలుస్తుంది. ఆరబెట్టి కాల్చినా బూడిద గాలిపాలే.

గెలతోపాటు బోలెడు పొటాష్ బజారుకు పోతుంది కదా, బోదెతో ఆ లోటు తీరుతుందా అంటే తీరదు. పొటాష్ బస్తా మానేయమని నేననను. మట్టి పరీక్ష చూసుకుని తగ్గించుకోవచ్చంటున్నాను. బోదెల్ని సాళ్లలో పరవడానికి కూలి ఖర్చవుతుందన్న మాటా నిజమే. అయితే బోదెల్ని గట్టుకు మోయించడానికీ కూలి ఇస్తూనే ఉన్నాం. పిలక పంట ఉంచుకునేవాళ్లు గెల కోసిన వెంటనే తల్లిచెట్టును మొదలంటా నరక్కపోతే, దానిలోని సారం కొంత పిలకకే దిగుతుంది. అన్నిటికంటే బలమైన అభ్యంతరం ముక్కుపురుగు. కుప్పపోసిన పచ్చిబోదెల్లో అది గుడ్లు పెడుతుంది. కాబట్టి బోదెను నిలువునా చీల్చి, ముక్కలు చేసి, పలచగా పరవాలి. పనామా తెగులు సోకిన తోటలో మాత్రం ఈ పని అసలు చేయకూడదు.