బాటసారి ధర: ‘హలాల్ పర్యాటకం’ రచనలపై ఒక విమర్శ

ఇస్లామీయ ఆర్థిక విధానాన్ని గురించి ఇటీవలి కాలంలో వెలువడుతున్న రచనలలో ‘హలాల్ పర్యాటకం’ అనే కొత్త అధ్యాయం వచ్చి చేరింది. సింగపూర్‌లో 2008లో ప్రారంభమైన క్రెసెంట్‌రేటింగ్ సంస్థ ముస్లిం ప్రయాణీకుల దృష్టితో హోటళ్ళకు శ్రేణులు నిర్ణయించే పని చేపట్టింది. మలేసియా 2015లో ఆతిథ్య సేవలకు ప్రత్యేక ప్రమాణాలనే రూపొందించింది. గదిలో ఖిబ్లా దిక్కు సూచించారా, మాంసం జబీహాయేనా, మద్యం దొరుకుతుందా, స్త్రీలకు ఈతకొలను వేళలు వేరుగా ఉన్నాయా, ఇవి ఆ రచనలలో మళ్ళీ మళ్ళీ కనిపించే ప్రశ్నలు. ఇవేవీ అనవసరమైనవి కావు. కాని ప్రయాణీకుని వద్ద తీసుకున్న సొమ్ము న్యాయమైనదేనా, సరియైన ధర ఎంతో అతనికి తెలుసా అన్న ప్రశ్నకు వాటిలో దక్కిన చోటు బహు స్వల్పం. పళ్ళెంలోని మాంసంపై ఉన్న శ్రద్ధ బిల్లుపై లేదు.

ఈ ధోరణికి ఒక పూర్వరంగం ఉంది. ఆధునిక ఇస్లామీయ అర్థశాస్త్రానికి పునాదులు వేసినవారిలో హైదరాబాదు పండితుల స్థానం గొప్పది. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ వడ్డీలేని రుణసంఘాలను గురించి రాశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర ఆచార్యులు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతంపై రచించిన గ్రంథం 1946లో వెలువడింది. తెలంగాణ రైతు వడ్డీవ్యాపారి చేతిలో నలిగిపోతున్న ఆ రోజుల్లో వారు వడ్డీపై దృష్టి నిలపటం సహజమే. తరువాతివారు మాత్రం ఆర్థిక నీతి అంటే బ్యాంకు నీతి అనే అలవాటులో పడిపోయారు. సంత, సత్రం, జాతర వంటివి వారి అధ్యాయాలలోకి రాలేదు.

యాత్రాస్థలంలో వ్యాపారం చేయటం తప్పు కాదు. హజ్ రోజులలో దైవానుగ్రహాన్ని, అంటే జీవనోపాధిని, అన్వేషించటం దోషం కాదని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో అనుమతించింది. ఉకాజ్, మజన్నా, జుల్‌మజాజ్ సంతల సందర్భంలో ఆ ఆయతు అవతరించిందని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. లాభాపేక్ష గల చిన్న వర్తకుణ్ణి నేరస్థుడిగా చూసే దృష్టి షరీఅత్‌ది కాదు. ఐతే, సరుకుతో వచ్చే బాటసారులకు ఊరి వెలుపలే ఎదురేగి, సంత ధర తెలియకముందే కొనివేయటాన్ని దైవప్రవక్త (స.అ.సం) నిషేధించారు. అక్కడ నిషేధానికి మూలం వస్తువు కాదు, పరాయివాని ఎరుగనితనం.

ఈ సూత్రానికి పరీక్షాస్థలం వెదకటానికి దూరదేశాలు పోనక్కరలేదు. వాడపల్లిలో కృష్ణలో మూసీ కలుస్తుంది. సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుని గుడి, నరసింహస్వామి గుడి ఉన్నాయి. 2016 పుష్కరాలకు జనం తండోపతండాలుగా వచ్చారు. అక్కడికి దగ్గరలోనే, పాలకీడు మండలంలో, జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. ప్రతి జనవరిలో జరిగే ఉరుసుకు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపుల నుండి ముస్లింల కంటె హిందువులే ఎక్కువగా వస్తారంటే అతిశయోక్తి కాదు. యాటను కోసి కందూరు చేసి, బంధుమిత్రులకు భోజనం పెట్టి పోతారు. ఈ మొక్కుబడుల ధర్మాధర్మాలపై ఉలమాలలో ఉన్న వివాదం వేరు. అది తేలేదాకా తూకం, ధర ఆగవు గదా!

కందూరుకు వచ్చిన కుటుంబం స్థితి ఎట్టిది? యాట వెంట ఉంది, బంధువులు వచ్చి కూర్చున్నారు, మొక్కు ఆ రోజే తీరాలి. కట్టెలకు, నీళ్ళకు, వంటపాత్రలకు, స్థలానికి ఎంత అడిగితే అంత ఇవ్వవలసిందే. ఇటువంటివానిని హంబలీ ఫిఖహ్ ‘ముస్తర్‌సిల్’ అంటుంది. అంటే ధర ఎరుగనివాడు, బేరమాడలేనివాడు, ఎదుటివానిని నమ్మి ఇచ్చేవాడు. అతడు తీవ్రంగా నష్టపోతే ఆ బేరాన్ని రద్దుచేసుకునే హక్కు అతనికి ఉందని ఇబ్నె ఖుదామా వివరించారు. హనఫీలది ఇంకొక మార్గం. తుర్కీలో 1869-76 మధ్య సంకలితమైన ‘మజల్లా’ ప్రకారం సరుకులలో ఇరవయ్యోవంతు, పశువులలో పదోవంతు, స్థిరాస్తిలో అయిదోవంతు తేడా వస్తే అది ‘గబ్నె ఫాహిష్’. ఐనా, దానితో పాటు వంచన కూడా ఉంటేనే రద్దు హక్కు. (గబ్న్ అన్న పదానికి తెలుగులో ‘మోసం’ అని రాసేస్తుంటారు. అది సరికాదు. అది ధరలో కలిగే నష్టం. మోసం ‘తగ్రీర్’.) ఈ నియమానికి మజల్లా ఒక మినహాయింపు ఇచ్చింది: అనాథల సొత్తు, వక్ఫ్ సొత్తు, బైతుల్‌మాల్ విషయంలో వంచన లేకపోయినా తీవ్రనష్టం ఒక్కటే చాలు, ఆ విక్రయం చెల్లదు. వక్ఫ్‌కు ఇంత రక్షణ ఉంది. వక్ఫ్ వాకిట నిలబడిన యాత్రికునికి లేదు. హలాల్ పర్యాటకంపై రాసేవారు చర్చించవలసిన చిక్కు ఇది.

అసలు పీటముడి గుత్తలో ఉంది. ఇటువంటి దర్గాల ఆదాయం వసూలు చేసుకునే హక్కును వక్ఫ్ బోర్డు వేలం ద్వారా గుత్తకిచ్చే పద్ధతి ఉంది. హారూన్ రషీద్ కాలపు ప్రధాన ఖాజీ ఇమాం అబూ యూసుఫ్ (రహ్మలై) తన ‘కితాబుల్ ఖరాజ్’లో ఖండించిన ‘ఖబాలా’కు తెలుగులో గుత్త కంటె తగిన మాట లేదు. పాట పాడినవాడు తాను కట్టిన సొమ్ము, దానిపై లాభం రాబట్టుకోవటానికి ప్రజలపై మోయరాని భారం వేస్తాడన్నదే ఆయన వాదన. నిజాం రాజ్యంలో శిస్తు వసూళ్ళ గుత్తలు ఈ మాటను రుజువు చేశాయి. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ తొలగించబూనినది ఆ పద్ధతినే.

గుత్త లేకపోతే హుండీ సొమ్ము మధ్యలోనే మాయమవుతుందని, బోర్డుకు నికరమైన రాబడి కావాలని సమాధానం వస్తుంది. ఇది తోసివేయదగిన మాట కాదు. దైవప్రవక్త (స.అ.సం) ధరలు నిర్ణయించటానికి నిరాకరించారని కూడా కొందరు గుర్తుచేస్తారు. కాని ఇబ్నె తైమియా ‘అల్ హిస్బా’లో చేసిన విభజన ఇక్కడ చదవాలి: ఫలానావారు తప్ప ఇతరులు అమ్మరాదన్న కట్టుబాటు ఉన్నచోట ధర నిర్ణయించటం అనుమతి మాత్రమే కాదు, విధి. గుత్త అటువంటి కట్టుబాటే. ఒకే చేతికి అంగడిని అప్పగించి, స్వేచ్ఛావాణిజ్యం పేరు చెప్పటం కుదరదు.

అబూ యూసుఫ్ కూడా తలుపు పూర్తిగా మూయలేదు. ఆ ఊరివారే గుత్త తమకు తేలిక అని కోరితే, అందులో వారికి మేలు కనిపిస్తే ఒప్పుకోవచ్చునన్నారు. అప్పుడు కూడా గుత్తేదారు వెంట నమ్మకస్తుడైన అధికారిని నియమించాలి, అతని జీతం బైతుల్‌మాల్ నుండి ఇవ్వాలి. జీతం ఎక్కడి నుండి అన్న మాటలోనే కిటుకంతా ఉంది. గుత్తేదారు ఏర్పరచిన బస, భోజనాలపై ఆధారపడిన తనిఖీదారు గుత్తేదారును తనిఖీ చేయలేడు. పాట పాడకముందే కందూరుకు, స్థలానికి, బండి నిలిపినందుకు ఇంత అని తెలుగులోను ఉర్దూలోను బోర్డు రాసి దర్గా దారిలో నిలబెట్టి, దానిని కనిపెట్టి ఉండే మనిషికి వక్ఫ్ నిధి నుండే జీతమిస్తే, పాట ధర కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన సొమ్ము ఇంతవరకు ఎవరి జేబు నుండి వస్తూ ఉండేదో అప్పుడు లెక్క తేలుతుంది.